విశాఖ తర్వాత ఉగాది

మా తమ్ముడు తిరుపాల్ ఒక ఊరు కట్టాడు. రాళ్ళతో కాదు, లాప్‌టాప్‌లో. పెళ్ళీడు దాటిపోతోంది, ఒక పిల్లను చూసుకోరా అంటే చెవిన పెట్టడు గానీ, బొమ్మల ఊళ్ళో బావి తవ్వడానికి నెలంతా కూర్చుంటాడు. ఆలూ లేదు చూలూ లేదు, ఊరు మాత్రం సిద్ధం.

వాడు ఆదోనిలో బస్టాండు దగ్గర ఒక జిరాక్సు అంగడిలో పని చేస్తాడు. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాడు. నాది ఎమ్మిగనూరు. ఇంట్లో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను, మా ఇంటాయన ఆటో తోలుతాడు. ఆదివారం వస్తే తిరుపాల్ ఆదోనిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకొని బస్సెక్కి మా ఇంటికి వస్తాడు. నా మిషను పక్కన చాప వేసుకొని సాయంత్రం దాకా టకటకలాడిస్తూ ఉంటాడు. మాట్లాడడు. చిన్నప్పటి నుంచీ అంతే, అడిగినదానికి జవాబు, అదీ సగం. అక్కాతమ్ముళ్ళకు కలిపి దేవుడు ఒకే నోరు ఇచ్చాడు, అది అక్క వనజకు తగిలింది అంటుంది మా అవ్వ.

వాడు చేసేది ఆట. ఆడేవాళ్ళు అందులో ఎనిమిదేళ్ళ పిల్లవాడై ఊళ్ళో తిరగాలి. నీళ్ళు తేవాలి, గొర్రెపిల్లకు ఆకు కోసుకు రావాలి, బడికి పోవాలి, ఎదురొచ్చిన వాళ్ళతో మాట్లాడాలి. చంపేది లేదు, గెలిచేది లేదు.

"దీన్ని ఎవడు కొంటాడ్రా?" అని అడిగాను.

"అమ్మేదానికి కాదక్కా" అన్నాడు. మరి ఎందుకు అంటే మళ్ళీ టకటకలు మొదలుపెట్టాడు.

ఊరు మాదే. కోసిగి దాటి పోతే వచ్చే మెట్ట ఊరు. మా ఇల్లు, ఇంటి ముందు అవ్వ కూర్చునే బండ, బడి గోడ, లారీ ఆగే మలుపు, అన్నీ ఉన్నాయి. బొమ్మలు గీసింది ఉషశ్రీ. వాడితో పాటు అదే అంగడిలో పని చేసే అమ్మాయి, ఆదోనిలో ఒక పంతులుగారి కూతురు. రెండు వారాలకోసారి తిరుపాల్ వెంట మా ఇంటికి వస్తుంది. మా అమ్మ కమలమ్మ బొమ్మ గీయడానికి ఆ అమ్మాయి నన్ను ఒక పూటంతా అడిగి అడిగి చంపింది. అమ్మకు ఉన్న ఫొటో ఒకటే, రేషన్ కార్డుది. అందులో ముఖం తప్ప ఏమీ లేదు. రెండు వైపులా ముక్కుపుడకలు, పైకి దోపిన చీర కుచ్చెళ్ళు, కొంచెం ఎడమకు వంగి నడిచే నడక, అవన్నీ నేను చెప్పాను. గీసి చూపిస్తే సరిగ్గా అమ్మే. నాకేమీ అనిపించలేదు. "బాగుంది పాపా" అని మళ్ళీ గుండీలు కుట్టుకున్నాను.

ఆటకు ఊరు ఒక్కటే చాలదట. కాలం కూడా కావాలట. ఏ దినం తర్వాత ఏ దినం రావాలి, ఎప్పుడు వాన పడాలి, ఎప్పుడు చేలో మొలక లేవాలి, ఎవరు ఏ పొద్దున ఎక్కడికి నడవాలి, అన్నీ ముందే రాసి పెట్టాలి. దానికి స్క్రిప్టు అని పేరు. తెల్లారినప్పుడల్లా యంత్రం ఆ రాత చూసుకొని ఊరిని కదుపుతుంది. రాయని దినం అక్కడ రాదు.

జనవరి, ఫిబ్రవరి అని పెట్టుకుంటే పోయేది. వీడికి అది నచ్చలేదు. మా ఊళ్ళో సేద్యం నడిచేది కార్తెల మీద. కార్తె అంటే పద్నాలుగు దినాలకు అటూ ఇటూ, ఒక్కోదానికి ఒక్కో నక్షత్రం పేరు. తిరుపాల్ ఊరికి పోయి మా అవ్వ ఉచ్చీరమ్మ ముందు ఫోను పెట్టి "కార్తెలు సెప్పవ్వా" అన్నాడు. అవ్వ బండ మీద కూర్చొని మొదలుపెట్టింది. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు. మఖ, పుబ్బ ఎండగడితే మహా కరువు. అట్లా హస్త, చిత్త, స్వాతి మీదుగా విశాఖ దాకా వచ్చి ఆగింది. తిరుపాల్ అదంతా అట్లే ఎక్కించాడు. ఎంత అట్లే అంటే, ఆటలో రోహిణి రాగానే మా ఇంటి ముందు రోలు నిజంగానే రెండుగా పగిలేది.

"ఒరే, సామెత చెప్తే రోలు పగలగొడతావేమిరా! మల్ల పిండి యాడ రుబ్బుకునేది?" అని నేను నవ్వితే, వాడు తల వంచుకొని దాన్ని మళ్ళీ అతికించాడు.

విశాఖ చివరి దినం సాయంత్రం లారీ వస్తుంది. ఊరంతా సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే మా పక్క అందరికీ తెలుసు. వానలు అయిపోయి చేలో పని లేనప్పుడు ఇళ్ళకు తాళాలు వేసి, గిన్నెలూ గుడ్డలూ మూటగట్టి, పత్తి తీయడానికో మిరపకాయలు కోయడానికో దూరం పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. ముసలివాళ్ళు, బడికి పోయే కొందరు పిల్లలు ఊళ్ళో మిగులుతారు. ఆటలో కూడా అంతే. లారీ ఎక్కేవాళ్ళలో మా నాయన మాదన్న, నేను, అమ్మ ఉంటాము. పిల్లవాడు అవ్వ దగ్గర మిగులుతాడు. తెల్లారితే ఉగాది. లారీ వచ్చి మలుపులో ఆగుతుంది. అమ్మ దిగుతుంది, ఎడమకు వంగి నడుచుకుంటూ వచ్చి పిల్లవాడిని అడుగుతుంది: "తిన్నావా నాయినా?"

నేను ఆ లాప్‌టాప్ ముందు కూర్చునేది అందుకే. ఆటలు ఆడే వయసా నాది? తిరుపాల్ కునుకు తీసినప్పుడు, ఉషశ్రీ టీ తాగేటప్పుడు, జాకెట్టు పక్కన పడేసి గబగబా కార్తెలన్నీ తోసుకుంటూ విశాఖకు పోయేదాన్ని. లారీ పోయేది. లారీ వచ్చేది. తిన్నావా నాయినా. మళ్ళీ రోహిణి. మా అమ్మ ఎన్ని సుగ్గులకు పోయిందో, అన్నిసార్లూ మరుసటి పొద్దుకే తిరిగొచ్చింది.

అసలు మా అమ్మ తిరిగి రాలేదు. తిరుపాల్‌కు అప్పుడు ఎనిమిదేళ్ళు, నాకు పద్నాలుగు. నేను బడి మానేసి అమ్మానాయనలతో మిరప కోతకు పోయాను. అమ్మ అక్కడే పోయింది.

ఆటలోని తప్పు కనిపెట్టింది ఉషశ్రీ. ఒక ఆదివారం ఉగ్గాని తింటూ మామూలుగా అడిగింది.

"అక్కా, నాకో సందేహం. వీళ్ళంతా సాయంత్రం లారీ ఎక్కి పోతారు కదా, పొద్దున్నే వచ్చేస్తారేంటి? సుగ్గి అంటే నెలలు కదా?"

నా చేతిలో బజ్జీ అట్లే ఉంది. తిరుపాల్ తెర వైపు చూశాడు. విశాఖ తర్వాత ఏమి రాశాడో వెతికాడు. ఏమీ లేదు. అవ్వ చెప్పింది విశాఖ దాకానే కాబట్టి వాడు రాసింది విశాఖ దాకానే. అది అయిపోగానే యంత్రం మళ్ళీ మొదటికి పోయి ఏడాది తలుపు తీస్తోంది. ఏడాదిలో నాలుగు నెలలకు పైగా మాయం. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఇద్దరం ఇన్ని నెలలు చూస్తూ కూడా కనుక్కోలేదు. మా ఊరి వాళ్ళం కాబట్టే కనుక్కోలేదు. విశాఖ తర్వాత ఉగాది రావడం మాకు వింతగా తోచలేదు.

"సరి జేస్తా" అన్నాడు తిరుపాల్.

"ఏమిటికిరా?" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "బాగుందిగా. అట్లే ఉండనీ."

"తప్పు గదక్కా."

"ఎవనికి తప్పు? నీ ఆటకు పరీక్ష పెట్టే కలెక్టరున్నాడా? రోలు పగిలితే అతికిస్తివి. ఇది అతుక్కోనే ఉండాది. దీన్ని పగలగొడతానంటావు!"

ఉషశ్రీకి ఏమీ అర్థం కాక ఇద్దరి ముఖాలూ చూసింది. తిరుపాల్ లాప్‌టాప్ మూశాడు. తర్వాత, వాడి జన్మలో నన్ను అడగని మాట అడిగాడు.

"అక్కా, అమ్మ ఏ దినం పోయింది?"

మా ఇంట్లో ఆ దినం లేదు. పెద్దల అమావాస్యకు నాయన అందరితో పాటు అమ్మకూ ఒక చీర పెట్టి, అన్నం పెట్టి దండం పెడతాడు. పోయిన దినం తెలియని వాళ్ళకు ఆ అమావాస్య. నాయనకు తెలుసు. నాకు తెలుసు. అయినా ఇద్దరం నోరు తెరవలేదు. తెరిస్తే ఏమవుతుందో అని భయం కూడా కాదు, తెరవాలని తోచలేదు, అంతే. లోపల ఆ చోట స్పర్శ ఉండదు.

"నాకు గుర్తులేదు పో" అని కసిరి మిషను తొక్కాను. చేయి జాకెట్టును ఎటో కుట్టుకుపోయింది. ఆ జాకెట్టు మొత్తం ఊడదీయాల్సి వచ్చింది, ఆ కోపం కూడా వాడి మీదే చూపించాను.

వాడు మొండివాడు. మరుసటి ఆదివారం ఊరికి పోదాం రమ్మన్నాడు. మిగిలిన కార్తెల పేర్లు పంచాంగంలో ఉంటాయిరా, అంగట్లో కొనుక్కో అన్నాను. "అవ్వ ఏం సెప్తాదో సూడల్ల" అన్నాడు. సరే, అవ్వను చూసి కూడా చాలా నాళ్ళయిందని పోయాను. నాయన గొర్రెలకు పోయాడు. అవ్వ బండ మీదే ఉంది. తమలపాకు నమలడానికి పళ్ళు లేవు, అయినా దంచుకుని నోట్లో పెట్టుకుంటుంది.

"అవ్వా, విశాఖ అయినంక ఏ కార్తె?" అని అడిగాడు.

అవ్వ నోట్లో ఆకును ఒక దవడ నుంచి ఇంకో దవడకు జరుపుకుంది. "ఆ పైన ఏముంటాది నాయినా?"

"ఉంటాయి గదా. ఉగాది దాకా."

"ఉంటే ఉండనీ. ఇత్తేది లేదు, కోసేది లేదు. లారీ పోయిన కాడినుంచి లారీ వచ్చేదాకా దావ సూసేదే పని. నువ్వూ నేనూ, ఈదిలో కుక్కలూ. దావ సూసేదానికి పేర్లేందిరా?"

తిరుపాల్ ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో చోటు దొరికింది. కిటికీ పక్కన వాడు, వాడి పక్కన నేను. బయట కోసిన జొన్నచేలు, తెల్లగా ఎండ. కోసిగి దాటాక నేను చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. వాడు అడగలేదు కూడా. అవ్వ మాట విన్నాక, అక్కడ మేము కూలి చేస్తున్నన్ని దినాలూ వీడు ఇక్కడ బండ మీద కూర్చొని మేము వచ్చే దావ చూశాడని మొదటిసారి కంటికి కట్టింది. అప్పటిదాకా నేను వాడిని అదృష్టవంతుడు అనుకునేదాన్ని.

"శివరాత్రి మర్సటి దినం. పొద్దున" అన్నాను.

వాడు కిటికీ నుంచి తల తిప్పలేదు.

"జరమొచ్చింది. మాత్రలు తెచ్చిచ్చినారు. తగ్గుతాదిలే అనుకుంటిమి. జాగారం దినం కొంచెం లేచి కూసున్నాది గూడా. తెల్లారి ట్రాక్టరు మాట్లాడుకోని వచ్చేలోపల అయిపోయింది. ఆ కాలవ పక్కనే కాల్చినారు. మేస్త్రి కాడ ఫోనుండె. నాయన వద్దన్నాడు. పిల్లోనికి ఇప్పుడేమిటికి, ఉగాదికి పోతాం గదా అన్నాడు."

"మల్ల?"

"మల్లేముంది. మరుసటి దినం కోతకు పోతిమి."

"ఏడ్చినావా?"

మిరప కోసిన చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు. కోతకు పోయిన వాళ్ళు మొదటి దినమే నేర్చుకునేది అది. ఆ మంట కడిగినా పోదు, రాత్రుళ్ళు చేతులు చల్లటి మజ్జిగలో పెట్టుకొని కూర్చునేవాళ్ళం. అందుకని ఏడుపు వస్తే మింగేయడం అలవాటు చేసుకున్నాను. చేతులు బాగయ్యాక ఏడుద్దాంలే అనుకున్నాను. చేతులు బాగయ్యాయి. ఏడుపు రాలేదు. మా అత్త పోయినప్పుడు కూడా రాకపోతే, రాతి గుండెది అని నలుగురూ అన్నారు. అననీ.

"లేదు" అన్నాను. వాడు తల ఊపాడు.

తర్వాత కొన్ని ఆదివారాలు రాలేదు. అలిగాడేమో అనుకున్నాను. ఒకనాడు ఉగ్గాని పొట్లంతో వచ్చాడు, ఒక్కడే. లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టాడు.

"ఆడు" అన్నాడు.

విశాఖకు తోసుకుంటూ పోయాను. లారీ వచ్చింది, అందరూ ఎక్కారు. తెల్లారింది. ఉగాది కాదు. అనూరాధ కార్తె అని పడింది. వీధంతా తాళాలు. అవ్వ, బండ, రెండు కుక్కలు. ముందుకు తోసే మీట నొక్కితే పని చేయలేదు.

"దీన్ని తీసేస్తివా?"

"విశాఖ దాకా ఉండాది. ఆ పైన లేదు."

"ఇదేం ఆటరా, నీ తలకాయ! ఏం చేయాల ఇందులో?"

"ఏం లేదు" అన్నాడు.

ఏమీ లేదు, నిజమే. నీళ్ళు తెచ్చాను. బడికి పోయి వచ్చాను. ఇంటింటి తాళం మీద నొక్కితే "సుగ్గికి పోయినారు" అని పడుతుంది. పొద్దు గూకితే అవ్వ దగ్గరికి పోవాలి. "ఇంకొక దినం పాయె, తిను" అంటుంది. తెల్లారుతుంది. జ్యేష్ఠ, మూల, పూర్వాషాఢ. తిట్టుకుంటూ ఆడాను. మిషను మీద గుడ్డ అట్లే పడి ఉంది. మా ఇంటాయన వచ్చి అన్నం పెట్టమని అడిగితే, గిన్నెలో ఉంది వడ్డించుకో అన్నాను.

శతభిషం కార్తెలో శివరాత్రి వచ్చింది. చలి శివశివా అని పోయింది అంది అవ్వ. నా వేళ్ళు ఆగాయి. తిరుపాల్ వైపు చూశాను, వాడు చాప మీద మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నాడు. నొక్కాను. తెల్లారింది.

ఏదో పెట్టి ఉంటాడనుకున్నాను. కాకి అరవడమో, దీపం ఆరడమో. ఏమీ లేదు. బడి గోడ దగ్గర పిల్లలు గోలీలు ఆడుతున్నారు. నన్నూ పిలిచారు. ఆడాను. "ఈ దినం నువ్వు గెలిచినావు. పచ్చ గోలీ నీదే" అని పడింది. పొద్దు గూకింది. అవ్వ ఇంకొక దినం పాయె, తిను అంది.

"ఇంతేనా?" అన్నాను.

"ఆ దినం గోలీలు గెలిచిన అక్కా. నువ్వు బస్సులో శివరాత్రి అంటానే గుర్తొచ్చింది. బడి గోడ కాడ. పచ్చది, లోపల తెల్లగీత ఉండేది. అమ్మకు సూపీల్లని దాచిపెట్టుకుంటి. ఉగాది దాకా ఎవనికీ ఇయ్యలేదు." వాడు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. "అంత సంతోషంగా యా దినమూ లేను. అదే దినమని ఇన్నేండ్లూ తెలీదు."

మళ్ళీ ఆడాను. మిగిలిన దినాలు కూడా ఒక్కొక్కటే వచ్చాయి.

ఉగాది. లారీ మలుపులో ఆగింది. పిల్లవాడు పరుగెత్తాడు, చేతిలో పచ్చ చుక్క. నాయన దిగాడు. వాళ్ళూ వీళ్ళూ దిగారు. ఆఖరున ఒక పిల్ల దిగింది. రెండు జడలు, నెత్తిన మూట, చేతిలో చెంబు. అమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపి కట్టుకుంది, అది ఆ పిల్లకు పెద్దదయింది. నేను ఆ చీరతో దిగిన సంగతి నాకే జ్ఞాపకం లేదు. వాడికి ఉంది.

పిల్లవాడు లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఆ పిల్ల ముందు నిలబడ్డాడు. "అక్కా, అమ్మ యాడ?"

దాని కింద జవాబు ఉండాల్సిన చోట ఏమీ లేదు. గీత ఒకటి మెరుస్తూ ఉంది.

"నువ్వేమన్నావో నాకు గుర్తులేదు" అన్నాడు తిరుపాల్. "అందుకే రాయలేదు. నువ్వే రాయి."

నేనేమీ అనలేదు ఆ దినం. అది నాకు బాగా గుర్తుంది. చెంబు తీసుకొని కుండ దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాను, అప్పటికి మంట లేకపోయినా. నాయనే వాడిని పక్కకు తీసుకుపోయాడు. వాడు ఏడ్చాడు, ఆ గోలీ ఎక్కడ పడిపోయిందో ఎవరికీ తెలియదు.

ఆ గీత మెరుస్తూనే ఉంది. నాకు ఆ యంత్రం మీద తెలుగు కొట్టడం రాదు. ఒక్కొక్క అక్షరం ఎక్కడుందో తిరుపాల్ వేలితో చూపిస్తుంటే కొట్టాను.

తిన్నావా నాయినా.

తిరుపాల్ దాన్ని చదివాడు. తెరతో కాదు, నాతో అన్నాడు.

"లేదక్కా. ఇంగా లేదు."

కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. అలవాటు కొద్దీ ముందు చేతులు చూసుకున్నాను. దారం పోగు ఒకటి అంటుకొని ఉంది, అంతే. తుడుచుకున్నాను. తుడుచుకున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.